కుడివైపు గుమ్మెట

మా బావగారు రాజు కాదు. తాడేపల్లిగూడెం మిషను బళ్ళో మూడో తరగతి మేస్టరు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

హాజరు పట్టీ తెరిచి పిల్లల పేర్లు పిలిస్తే, సామంతరాజులు వచ్చారో లేదో వాకబు చేస్తున్నట్టుండేది. ఇంటికొచ్చి వాలుకుర్చీలో కూర్చుని "మంచినీళ్ళు" అంటే, కాలువ తవ్వించి గోదావరిని గుమ్మంలోకి రప్పించమని ఆజ్ఞ ఇచ్చినట్టుండేది. మా అక్క మాత్రం పొయ్యి దగ్గర్నించి లేవకుండానే, "కుండ మీ వెనకాలే ఉందండీ" అనేది. ఆయన లేచి, తాగి, మళ్ళీ సింహాసనం ఎక్కేవారు.

నేను ఆ ఇంట్లో ఎందుకున్నానంటే, స్కూలు ఫైనలు పరీక్షలో లెక్కలు తప్పాను. బావగారి అదుపులో ఉంటే బాగుపడతానని మా నాన్న నమ్మకం. బావగారు నాకు రెండు విద్యలు నేర్పాలని చూశారు. ఒకటి గుమ్మెట వాయించడం, రెండోది నోరు మూసుకోవడం. మొదటిది వచ్చింది.

గుమ్మెట సంగతి చెప్పాలి. బడి లేని రోజుల్లో బావగారు తందాన కథలు చెప్పేవారు. ఈ కథలు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు నిలబడతాడు. ఆయనకి కుడివైపు ఒకడు, ఎడంవైపు ఒకడు, ఇద్దరు వంతలు. ఇద్దరి చేతుల్లోనూ తోలు బిగించిన మట్టి గుమ్మెటలుంటాయి. కథకుడు ఒక చరణం అనగానే వంతలు తందాన అని అందుకోవాలి. కుడి వంత "ఔరా, ఆపైన?" అంటూ కథని ముందుకి తోస్తాడు. ఎడం వంత హాస్యగాడు. కథ మరీ ఆకాశం మీదకి వెళ్ళిపోతుంటే కాలు పట్టుకుని కిందికి లాగడం వాడి పని. బావగారు "రాజు కోపించగా భూమి కంపించెను" అంటే, "మా పాక గోడ పడింది అందుకేనా" అనాలి నేను. ఈ ఉద్యోగానికి నన్ను మించినవాడు దొరకడని బావగారే ఒప్పుకున్నారు, పొగడ్తగా కాదు.

కుడివైపు ఉండేది బావగారి స్నేహితుడు. ఏలూరులో తివాచీలు నేసే కార్ఖానాలో మగ్గం మీద పనిచేసేవాడు. ఇద్దరూ ఏలూరు మిషను బోర్డింగులో ఒకే చాప మీద పడుకుని చదువుకున్నారు. ఒకాయన మేస్టరయ్యాడు, ఒకాయన నాలుగో ఫారంలో మానేసి మగ్గమెక్కాడు. ప్రపంచం మొత్తం మీద మా బావగారిని "ఒరేయ్" అని పిలిచే మనిషి ఆయనొక్కడే. ఎందుకో గానీ ఆ పిలుపుకి బావగారు కుర్చీలోంచి లేచేవారు కూడాను.

ఆయన శనివారం సాయంత్రం పాసింజరు బండిలో దిగేవాడు. గుమ్మెటని తివాచీ ముక్కలో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. నన్ను చూసి "ఏం అబ్బాయ్, లెక్కలు కుదిరాయా" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా మా అక్క పెట్టిన కాఫీ దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మంచివాడు.

ఆయన వాయిద్యంలో గొప్ప పనితనమేమీ లేదు. గొప్పతనమంతా వినడంలో ఉంది. బావగారు ప్రతి చరణం చివరా కొద్దిగా కుడివైపు తిరిగేవారు. ఆయన తల ఆడించి "ఔరా" అనేవాడు. అప్పుడు బావగారు మళ్ళీ జనం వైపు తిరిగేవారు. ఏడెనిమిదేళ్ళుగా ఇదే వరస. ఆ తిరగడం బావగారికే తెలీదని నా అనుమానం.

పోయినేడు కాక అంతకు ముందు వేసవిలో, మిషను కాంపౌండు ఖాళీ చేసి సీమకి వెళ్ళిపోతున్న ఒక దొరసానిగారు పాత ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి బావగారికి ఇచ్చి వెళ్ళింది. అందులో ఒకచోట ఎప్పటిదో ఇతిహాసం ఒకటుంది. మట్టి పలకల మీద రాసి కాల్చారట. వేల ఏళ్ళ కిందట రెండు నదుల మధ్య ఉన్న దేశం, ఒక రాజు. రెండు నదుల మధ్య అనేసరికి బావగారి కళ్ళు మెరిశాయి. గోదావరికీ కృష్ణకీ మధ్యనే గదా మనమూ ఉన్నది. నిఘంటువు పక్కన పెట్టుకుని సెలవులన్నీ ఆ నాలుగు పేజీల మీద ఖర్చు చేశారు.

ఆ రాజు మూడింట రెండు వంతులు దేవుడట, ఒక వంతు మనిషట. అదెలా కుదురుతుందని నేనడగలేదు. లెక్కలు తప్పినవాడికి అడిగే హక్కు లేదు. అందగాడు, బలశాలి, పొగరుబోతు. ఊరి చుట్టూ మహా గోడ కట్టించాడు. ఆ కట్టించడంలో జనాన్ని ఎముకలు విరిగేలా తోలాడు. వాళ్ళు దేవుళ్ళకి మొర పెట్టుకుంటే, వీడికి సరిజోడు ఒకణ్ణి పుట్టించి అడవిలో వదిలారు. ఇద్దరూ కలియబడి కొట్టుకుని, ఎవరూ ఓడక, స్నేహితులైపోయారు. ఇంతవరకూ బావగారికి మహా నచ్చింది. ఆ తరవాతే వచ్చింది చిక్కు. ఆ స్నేహితుడు చచ్చిపోతాడు. రాజు కిరీటం పారేసి, తనకీ చావొస్తుందని భయపడి, చావులేని మందు కోసం లోకం చివరి దాకా వెళతాడు. అతి కష్టం మీద ఒక మొక్క సంపాదిస్తాడు. వచ్చే దారిలో స్నానానికి దిగి దాన్ని గట్టు మీద పెడితే పాము తినేస్తుంది. ఉత్త చేతులతో ఊరికొచ్చి గోడ చూసుకుంటాడు. అంతే.

అంతే అంటే బావగారికి ఎలా సరిపడుతుంది? ఆయన రాజులెవరూ ఇంతవరకూ ఉత్త చేతులతో రాలేదు. కథ చివర రాజు గెలవాలి, బావగారు మీసం దువ్వాలి, మంగళం పాడాలి. అందుకని మొదట ఆయన రాసినదాంట్లో రాజు పాముని చంపి మొక్క తెచ్చుకున్నాడు. స్నేహితుడు అది విని, "మరి వాడేడిప్పుడు?" అని అడిగాడు. చావులేని మందు తాగినవాడు ఎక్కడో ఒకచోట కనపడాలి గదా అని ఆయన ఉద్దేశం. బావగారు రెండు రోజులు తర్జనభర్జన పడి, ఆ భాగం కొట్టేశారు.

ఈలోగా కబురొచ్చింది. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో చర్చి కోతపండగకి కథ చెప్పమని. అది స్నేహితుడి అత్తవారి ఊరు. మామగారు అక్కడ చేపలు పట్టే పెద్దాయన, చర్చి పెద్ద కూడాను. ఆయన పట్టుదల మీదే పిలిచారు, అల్లుడు గుమ్మెట పట్టుకుంటే ఊరంతా చూడాలని. బైబిల్లో మన పితరులు బయల్దేరిన దేశం కూడా ఆ చుట్టుపక్కలదేనని చెప్పి, పాస్టరుగారి చేత కొత్త కథకి సరేననిపించారు బావగారు.

గొడవ రిహార్సల్లో వచ్చింది. బావగారికి ఒక కొత్త ఊహ తట్టింది. సగం కథ దగ్గర రాజు స్నేహితుడు చనిపోతాడు గదా, అక్కణ్ణించి కుడి గుమ్మెట మోగకూడదు. కుడి వంత నోరెత్తకూడదు. అలా నిలబడే ఉండాలి, కథ అయ్యేదాకా. చావు అంటే ఏమిటో జనానికి అప్పుడు తెలుస్తుందని బావగారి వాదన.

ఊహ మంచిదే. కాకపోతే మా కథల్లో వంత నోరు మూశాడంటే దానికి రెండే అర్థాలు. ఒకటి, వాడికి కథ రాదు. రెండోది, కథకుడు వాణ్ణి పదిమందిలో పక్కన పెట్టాడు. జనం ఊరుకోరు. "ఏమయ్యా, నిద్దరొచ్చిందా" అంటారు. స్నేహితుడు ఈ మాటే చెప్పాడు, మెల్లగానే. మా అత్తవారి ఊళ్ళో, మా మామగారి ఎదుట, సగం కథ దిష్టిబొమ్మలా నించోమంటావా అన్నాడు. కళ కోసం అన్నారు బావగారు. అయితే నన్ను కూర్చోనీ, చచ్చినవాడు నిలబడ్డం ఏ ఊళ్ళోనూ లేదు అన్నాడాయన. నేను నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది. బావగారు కుర్చీలో నిటారుగా అయ్యారు.

"కథ నాది," అన్నారు.

ఆయన గుమ్మెటని తివాచీ ముక్కలో చుట్టడం మొదలుపెట్టాడు. నిదానంగా చుట్టాడు, ఎవరైనా ఆపడానికి కావలసినంత టైమిచ్చి. ఎవరూ ఆపలేదు.

"అయితే తందాన కూడా నువ్వే అనుకోరా," అని చెప్పి, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. కాఫీ కూడా తాగలేదు. ఆ కాఫీ నేను తాగాను గానీ సుఖంగా లేదు.

తరవాతి శనివారం ఆయన రాలేదు. ఆపై శనివారమూ రాలేదు. బావగారు ఆ వేళకి వీధిలోకి వచ్చి, బండి కూత విని, అబ్బే, గాలి కోసం నించున్నానన్నట్టు నించుని లోపలికి వెళ్ళేవారు. పోస్టుకార్డు ఒకటి మొదలుపెట్టి "చిరంజీవి" దగ్గర ఆగిపోవడం చూశాను. ఇద్దరిదీ ఒకే ఈడు. దీవించడానికి పూనుకున్నవాడు క్షమాపణ దాకా ఎప్పటికి వస్తాడు? ఆ కార్డు పొయ్యిలోకి వెళ్ళింది.

కథ ఎలాగండీ అని నేనడిగితే, ఒక్క వంతతోనే చెబుతానన్నారు. కుడివైపు ఖాళీగా ఉంచడం ఇంకా గొప్ప కళ అన్నారు. వడ్డిస్తున్న అక్క గరిట ఆపింది.

"ఆయన లేకపోయినా మీ కథ వినేవాళ్ళుంటారండీ. మీరు మాట వినే మనిషే ఉండడు," అంది.

బావగారు మజ్జిగ అడిగారు. మా అక్క మాట తగిలినప్పుడల్లా ఆయన మజ్జిగే అడిగేవారు. ఆ రోజు అప్పటికే మజ్జిగన్నం తింటున్నారు.

పండగ ముందురోజు బావగారూ నేనూ రైల్లో ఏలూరు దిగాం. స్టేషను నుంచి పడవల రేవుకి వెళ్ళే దారి ఆ తివాచీల కార్ఖానా వీధి మొగలోంచే. అక్కడికి వచ్చేసరికి బావగారి చెప్పు తెగింది. తెగిందనే చెప్పారు. వంగి చాలాసేపు దాన్ని చూసుకున్నారు. వీధిలోంచి మగ్గాల మీద నేతని దిగ్గొట్టే ఇనప దువ్వెనల చప్పుడు వినపడుతోంది. పిలుచుకు రమ్మంటారా అని నేను అడిగాను. పడవ దాటిపోతుందన్నారు. చెప్పు బాగానే ఉంది. రేవుకి వెళ్ళి గంటన్నర పడవ కోసం కూర్చున్నాం.

కాలువ మీద పడవ, ఆపైన తాటిదోనె. తాటిమొద్దు తొలిచి చేసిన ఆ దోనెలో రాజులు కూడా బుద్ధిగా కూర్చోవాలి, అటూ ఇటూ కదిలితే అందరూ కొల్లేట్లోకే. నీరు తీసి ఒడ్డంతా బురద తేలింది. ఆ బురదలో కొంగలు దేని పని అది చూసుకుంటున్నాయి. బావగారు దారంతా ఒక్క పద్యమూ ఎత్తుకోలేదు. పడవవాడు నన్ను అడిగాడు, అయ్యగారికి ఒంట్లో బాగాలేదాండీ అని.

మర్నాడు ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం భోజనాలై, తాటాకు పందిట్లో కథ. కానుకల బల్ల మీదా బల్ల చుట్టూ వరిపనలు, గుమ్మడికాయలు, బుట్టల్లో ఎండు చేపలు. దేవుడికి సమర్పించిన కోడిపెట్ట ఒకటి బల్ల కాలికి కట్టేసి ఉంది. మామగారు ముందు వరసలో కూర్చున్నారు. సన్నగా, నల్లగా, తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని.

"మా అల్లుడేడండీ?" అని అడిగారు.

పని ఒత్తిడి అన్నారు బావగారు. ఆయన సరేనండీ అన్నారు. కుడివైపు ఖాళీ జాగా కేసి ఒకసారి చూసి, తలకున్న తువ్వాలు సర్దుకున్నారు.

మొదటి సగం బావగారు అదరగొట్టారు. పొగరుబోతు రాజు వేషం ఆయన కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు గదా. గోడ కట్టించిన ఘట్టంలో ఆయన కళ్ళెర్రజేస్తే పిల్లలు తల్లుల వెనక్కి జరిగారు. నా వంతు నేనూ లాక్కొచ్చాను. "ఇటుక మోసినవాడికి అన్నమైనా పెట్టాడాండీ రాజు" అంటే పందిరంతా నవ్వింది. అయినా ఏదో కుంటుతోంది. ప్రతి చరణం చివరా బావగారు కుడివైపు తిరుగుతున్నారు. అక్కడ గుంజ ఉంది, గుంజకి వేలాడదీసిన గుమ్మడికాయ ఉంది. ఆయన దానికేసి చూసి, మళ్ళీ జనం వైపు తిరుగుతున్నారు. ఎడంవైపు నుంచి నేను "ఔరా" అన్నాను. నేనంటే అందులో వెటకారం వినిపిస్తుంది. నా గొంతుకి అదొక జబ్బు.

స్నేహితుడి చావు వచ్చింది. రాజు శవం పక్కన కూర్చుని లేపుతాడు. తెల్లవారిందంటాడు, వేటకి వేళయిందంటాడు. ఈ చరణాలు బావగారు గొడవకి ముందు రాసుకున్నవి. ప్రతి పాదం చివరా కుడి గుమ్మెట మూడు దెబ్బలు పడేలా జాగా ఉంచి రాశారు. కళ గురించి కొత్త ఊహ వచ్చాక పాదాలు మార్చడం మర్చిపోయారు.

"పిలిచినది నేనురా, పలకవేమిరా," అన్నారు. అని, కుడివైపు తిరిగారు.

మూడు దెబ్బల జాగా గడిచింది. ఆయన తిరిగే ఉన్నారు. ఇంకో మూడు దెబ్బల జాగా గడిచింది. తంబురా మీద వేళ్ళు ఆగిపోయాయి. పందిట్లో ఎవరూ దగ్గలేదు. కోడిపెట్ట ఒక్కటి కొక్కొక్కో అంది.

నా ఉద్యోగధర్మం ప్రకారం అక్కడ ఒక మాట వెయ్యాలి. మాట సిద్ధంగా ఉంది కూడాను. "కోడి పలికింది గదండీ, ఇంకెవరు పలకాలి" అంటే పందిరి లేచిపోయేది. ఇప్పటికీ అది మంచి మాటేనని నా అభిప్రాయం. కానీ నేనున్నచోటు నుంచి బావగారి మొహం కనిపిస్తోంది, జనానికి కనిపించడం లేదు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. అది రాజు మొహం కాదు, మేస్టరు మొహమూ కాదు. రైలు కూతకి వీధిలోకి వచ్చిన మనిషిది. నేను గుమ్మెట మీద చెయ్యి ఆనించి ఊరుకున్నాను. బావగారు నేర్పిన రెండో విద్య ఆ రోజు వచ్చింది.

చివరికి ఆయన జనం వైపు తిరిగి, రాగం లేకుండా, మామూలు గొంతుతో, "అలా పిలుస్తూనే ఉన్నాడండీ," అన్నారు.

తరవాతి సగమంతా ఆ గొంతుతోనే చెప్పారు. కాగితంలో ఉన్న గర్జనలూ హుంకారాలూ ఏమైపోయాయో తెలీదు. రాజు అడవులు పట్టి పోతున్నాడు, గడ్డం పెరిగింది, దారిలో కనపడ్డవాళ్ళు ఎవరు నువ్వు అని అడుగుతున్నారు, రాజునంటే నమ్మడం లేదు. జనం ముందుకి జరిగి వింటున్నారు, బావగారు అంత మెల్లగా చెబుతున్నారు మరి. మొక్క దొరికింది. స్నానానికి దిగాడు. మొక్క గట్టు మీద పెట్టాడు.

"అదేంటండీ," అన్నారు ముందు వరసలోంచి మామగారు. "గట్టు మీద పెట్టడమేంటండీ? తలగుడ్డలో కట్టుకోవచ్చు గదా."

పందిట్లో సగం మంది తలలు అవునన్నట్టు ఊగాయి. నిజమే, కొల్లేట్లో దిగేవాడు ఎవడూ పొగాకు కాడైనా సరే గట్టున పెట్టడు. తలపాగాలో దోపుకుని దిగుతాడు. అక్కడ పుట్టిన మూడేళ్ళవాడికి కూడా ఈ సంగతి తెలుసు. ఒకాయన పాముల సంగతి ఎత్తుకున్నాడు. ఒకామె, తల మీద మూట పెట్టుకుని దిగొచ్చు గదండీ అంది. చర్చ పెరిగింది. ఇంత పెద్ద ఇతిహాసానికి ఇంత చిన్న తువ్వాలు లోపించిందా అని నేను కూడా ఆలోచనలో పడ్డాను.

మామూలు రోజుల్లో కథ మధ్యలో ఎవరైనా మాట్లాడితే బావగారు వాళ్ళని చూపుతోనే భస్మం చేసేవారు. ఒకసారి అత్తిలిలో ఒక పెద్దమనిషి తుమ్మితే కథ మొదటి నుంచీ చెప్పారు. అందుకని నేను మళ్ళీ మొదటి చరణానికి సిద్ధమయ్యాను.

"నిజమేనండీ," అన్నారు బావగారు. "నాకూ తట్టలేదు. ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు ఉండే ఉంటారండీ. అడిగితే చెప్పేవాళ్ళే. రాజు గదండీ, ఎవర్నీ అడిగే అలవాటు లేదు."

మామగారు ఆ జవాబుని నోట్లో వేసుకుని కాస్త నమిలి, "అంతేనండీ," అన్నారు.

ఇక రాజు ఊరికొచ్చాడు. కాగితం ప్రకారం ఇక్కడ గోడ గొప్ప మీద పద్దెనిమిది పాదాలున్నాయి. బావగారు వాటి జోలికి పోలేదు. రాజు గోడెక్కి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడన్నారు. కింద వానకి జారిన మట్టిని ఎవరో సర్దుతుంటే ఆగి, ఈ గోడ కట్టినవాళ్ళెవరని మొదటిసారి అడిగాడన్నారు. అక్కడ ఆపేశారు. మీసం దువ్వలేదు. మంగళం మర్చిపోయారు. పాస్టరుగారు లేచి ప్రార్థన చేసి ముగించాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే దోనె దగ్గరికి మామగారు వచ్చారు. చేతిలో మట్టికుండ, అందులో నీళ్ళు, నీళ్ళల్లో మూరెడు కొర్రమీను. బతికే ఉంది, కోపంగా ఉంది.

"మా అల్లుడికివ్వండి," అన్నారు. "పని ఒత్తిడి తగ్గిందేమో కనుక్కోండి."

ఆయనకి అంతా తెలుసు. కొల్లేటి ఒడ్డు మనుషులు నీటి పైన కదలిక చూసి కింద ఏ చేప ఉందో చెబుతారు. బావగారి మొహం చదవడం వాళ్ళకెంత పని.

ఇక తప్పించుకునే దారి లేదు. తెగిన చెప్పుని సాకుగా చూపొచ్చు గానీ, చేతిలో బతికున్న చేపకి ఏ సాకూ చెప్పలేం. పడవలో బావగారు కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది నీళ్ళు ఎగజల్లినప్పుడల్లా పైపంచెతో మొహం తుడుచుకున్నారు. మహారాజు ఒకరు లోకం చివర నుంచి తిరిగొస్తే ఎలా ఉంటారో నాకు తెలీదు గానీ, మొత్తానికి తడిసి, నీచు వాసన వేస్తూ ఉంటారని అనుకోవచ్చు.

కార్ఖానాలో స్నేహితుడు మగ్గం ముందు బల్ల మీద కూర్చుని ముళ్ళు వేస్తున్నాడు. ముడి వెయ్యడం, దారం కొయ్యడం, వరస అయ్యాక ఇనప దువ్వెనతో దిగ్గొట్టడం. మమ్మల్ని చూశాడు. చెయ్యి ఆగలేదు.

"మీ మామగారు చేప ఇచ్చారు," అన్నారు బావగారు.

"అక్కడ పెట్టు."

కుండ కింద పెట్టాక బావగారి చేతులకి పనిలేకుండా పోయింది. నించున్నారు. వరస అయింది, దువ్వెన దెబ్బలు పడ్డాయి. ఇంకో వరస మొదలైంది. పక్క మగ్గం వాళ్ళు నేత ఆపి చూస్తున్నారు. కథ ఎలా అయిందని ఆయన అడగలేదు.

"సగం దాకానే పాడానురా," అన్నారు బావగారు చివరికి. "తరవాతది నీకు చెప్పబోతే నువ్వు లేవు."

"చంపింది నువ్వే గదా."

"నాదే తప్పు."

నేను గోడకి చేరబడ్డాను. బావగారింట్లో రెండేళ్ళుగా ఉంటున్నాను. తప్పు అన్న మాట నా లెక్కల విషయంలో తప్ప ఆయన నోట వినలేదు. కుండలో చేప కూడా కదలడం మానేసింది. ఇది నా కల్పన కావచ్చు.

స్నేహితుడు ఆ వరస పూర్తి చేశాడు. దువ్వెన పక్కన పెట్టాడు.

"చచ్చాక కూడా నేను మాట్లాడతానంటేనే వస్తాను," అన్నాడు.

"ఏం మాట్లాడతావు?"

"బతికున్నన్నాళ్ళూ అడగలేదు గానీ, చచ్చాక అడుగుతున్నావురా."

బావగారు నవ్వారు. ముందు నవ్వింది ఆయనే, అది నాకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో కొర్రమీను పులుసు తిన్నాం. బావగారు మంచినీళ్ళు తనే ముంచుకుని తాగారు. అక్కకి ఈ సంగతి చెబితే నమ్మలేదు.

ఆ కథ ఇప్పుడు చాలా చోట్ల చెబుతున్నాం. ముదినేపల్లిలో చెప్పాం, ఉంగుటూరులో రెండుసార్లు చెప్పాం. మా కథలో స్నేహితుడు చచ్చిపోతాడు గానీ కుడి గుమ్మెట ఆగదు. రాజు అడవిలో దారి తప్పితే పక్కనుంచి "ఎడమకి తిరుగురా" అంటుంది. స్నానానికి దిగబోతే "తలగుడ్డ లేదేమిరా" అంటుంది. రాజు వినిపించుకోడు. కథ నడిచేకొద్దీ కొంచెం కొంచెంగా వినడం మొదలుపెడతాడు. గోడ మీదికి వచ్చేసరికి ఆగి, నువ్వే చెప్పరా అంటాడు. చచ్చినవాడు బతికున్నవాళ్ళ కంటే ఎక్కువ మాట్లాడే కథ ఈ జిల్లాలో మాదొక్కటే. ఏలూరులో ఒక హెడ్మాస్టరుగారు, అసలు ఇతిహాసంలో ఇలా లేదండీ అని బావగారిని నిలదీశారు. ఉండకపోవచ్చండీ అన్నారు బావగారు, వినయంగానే. ఇంటికొచ్చాక మాత్రం ఆ హెడ్మాస్టరు గురించి గంటసేపు మాట్లాడారు. మనిషి ఒక్క కోతపండగకే పూర్తిగా మారిపోతే నేను బతికేదెలా?

హాజరు పట్టీ ఇప్పటికీ అలాగే పిలుస్తారు. నేను లెక్కలు ఇంకోసారి తప్పాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. "పలకవేమిరా" అన్న చోట స్నేహితుడు ఇప్పుడు వెంటనే అందుకోడు. కావాలనే ఆలస్యం చేస్తాడు. మూడు దెబ్బల జాగా, ఒక్కోసారి ఆరు. అంతసేపూ మా బావగారు తంబురా ఆపి, కుడివైపు తిరిగి, నిలబడి ఉంటారు. ఎడంవైపు నా దగ్గర ఎప్పుడూ ఒక మంచి మాట సిద్ధంగానే ఉంటుంది. అది వెయ్యను. గుమ్మెట మీద చెయ్యి ఆనించి, నేనూ కుడివైపే చూస్తుంటాను.